పొదుగువాపుకు ట్యూబుకన్నా ముందు కొనాల్సిన సామాను: ఏది పనికొస్తుంది, ఏది దండగ

పాడి పశువులకు వాడే యాంటీబయాటిక్‌లలో పెద్ద వాటా పొదుగువాపుకే పోతుంది. చన్నులోకి ఒక ట్యూబు ఎక్కిస్తారు, పైన ఒక ఇంజెక్షన్ పొడుస్తారు, వాపు తీసిందనిపిస్తే మానేస్తారు, నెల తిరిగాక మళ్లీ అదే చన్ను గట్టిపడుతుంది. మందు వాడిన ప్రతిసారీ దానికి లొంగే క్రిములు చస్తాయి, లొంగనివి మిగిలి ఆ జాగా ఆక్రమిస్తాయి. ఇదంతా ఒక్క చన్నులోనే జరిగితే అంత గోల లేదు. ఇంజెక్షన్ పడ్డ పశువు పేగుల్లోనూ, ఆ పాలు తాగిన దూడ పేగుల్లోనూ ఇదే తంతు నడుస్తుంది. అక్కడి నుంచి పేడలోకి, పేడకుప్పలోకి, చేలోకి. మందు పడ్డ పాలు తోడు పెట్టినా పెరుగవ్వకపోవడం చాలా ఇళ్లలో చూసే ఉంటారు. తోడులోని మంచి క్రిములను కూడా ఆ మందు ఆపేస్తుంది.

అందుకే ఈ సమీక్ష ట్యూబుల గురించి కాదు, ట్యూబు అవసరం రాకుండా చూసే సామాను గురించి. నల్ల మూత ఉన్న కప్పు, పాలలో దాగిన జబ్బును పట్టే సీఎంటీ కిట్, చన్నులు ముంచే కప్పు, అందులో పోసే అయోడిన్ మందు, కలబంద పసుపు పూత, వట్టిపోయేటప్పుడు చన్ను రంధ్రం మూయడానికి వాడే సీలెంటు ట్యూబు. మా తీర్పు ముందే చెప్పేస్తాం. చేతిలో ఒక్కదానికే డబ్బుంటే చన్నులు ముంచే కప్పు కొనండి. రెండోది సీఎంటీ. పూతకు ఖర్చు దాదాపు లేదు గానీ చాకిరీ చాలా ఉంది. సీలెంటు చేత్తో పాలు తీసే చిన్న రైతుకు వద్దు.

నల్ల కప్పు గురించి రెండు ముక్కలు చాలు. ప్రతి చన్ను నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నేలమీద కొట్టడం మనకు అలవాటు. నేల తడిస్తే క్రిములు అక్కడే పెరుగుతాయి, పశువు అదే తడిలో పడుకుంటుంది. పైగా మట్టిలో పడ్డ పాలలో గడ్డలున్నాయో, నీళ్లలా ఉన్నాయో కనపడదు. నల్లటి పళ్లెం మీద అయితే సన్నటి తెల్ల పలుకు కూడా పట్టుబడుతుంది. దీనికోసం దుకాణానికి పోనక్కర్లేదు. స్టీలు గ్లాసుకు ఉతికిన నల్లగుడ్డ బిగించి కట్టినా పని జరుగుతుంది, పూటపూటకూ ఆ గుడ్డ ఉతికి ఆరేస్తే.

ఇక సీఎంటీ. పూర్తి పేరు కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, 1957లో వచ్చింది. ఇప్పటికీ కొట్టంలో చేసే పరీక్షల్లో దీన్ని మించింది చవకలో లేదు. కిట్‌లో నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ తెడ్డు, ఒక సీసా ద్రావకం ఉంటాయి. వాపు లేకుండా, పాలు మామూలుగానే కనిపిస్తూ లోపల జబ్బు నడుస్తున్న చన్నును పట్టిస్తుంది. ఆ దశలో పాలు లోలోపల తగ్గుతుంటాయి, ఆ చన్ను నుంచి పక్క పశువులకు అంటుకుంటుంది, బయటికి మాత్రం ఏమీ తెలియదు.

పని చేసే తీరు ఇది. పొదుగులో జబ్బు చేరితే దానితో పోరాడటానికి రక్తంలోని తెల్లకణాలు పాలలోకి వస్తాయి. ద్రావకంలోని సబ్బు లాంటి పదార్థం ఆ కణాల పొర చీల్చి లోపలి డీఎన్ఏను బయటికి తెస్తుంది. కణాలు ఎక్కువైతే పాలు కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతాయి. మొదటి ధారలు తీసేశాక ఒక్కో గుంటలో ఒక్కో చన్ను పాలు 2 మి.లీ. దాకా పట్టాలి. తెడ్డు వంచితే గుంటలోని గీత వరకే పాలు మిగులుతాయి, ఎక్కువైనవి కారిపోతాయి. పాలు ఎన్నో ద్రావకం అన్నే పోసి, 10 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పి, 20 సెకన్ల లోపల చూడాలి. ఆలస్యమైతే సన్నగా వచ్చిన జిగురు విడిపోతుంది, ఉన్న జబ్బు లేదనిపిస్తుంది.

పాలు పల్చగా జారితే బాగున్నట్టు. కొంచెం జిగురు కనిపించి తిప్పుతుండగా పోతే అనుమానం, వారం ఆగి మళ్లీ చూడాలి. చిక్కబడినా ముద్ద కట్టకపోతే 1. ముద్దగా మధ్యలోకి చేరితే 2. మధ్యలో గుట్టలా లేచి గుంటకు అంటుకుపోతే 3. ద్రావకం కలిపాక వచ్చే ఊదా రంగు మరీ ముదిరితే పాలు క్షారానికి తిరిగాయని అర్థం. కానీ తీర్పు చిక్కదనం మీదే చెప్పాలి, రంగు మీద కాదు. కొత్తవాళ్లు రంగు చూసి కంగారుపడటం ఎక్కువ.

పొరపాట్లు మిగతావి కూడా ఇలాంటివే. ఈనిన తొలి పది రోజుల్లో, వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడు కణాలు సహజంగానే ఎక్కువ, అప్పుడు నాలుగు గుంటలూ చిక్కబడితే దడుచుకోవద్దు. నాలుగింటిలో ఒకటి తేడాగా ఉండటమే అసలు సంకేతం, ఎందుకంటే పొదుగులో నాలుగు భాగాలూ వేటికవే విడి. తెడ్డును ఎప్పుడూ ఒకే వైపు పట్టుకోవాలి, లేకపోతే ఏ గుంట ఏ చన్నుదో తారుమారవుతుంది. గాఢ ద్రావకం అమ్మే కంపెనీలు ఎన్ని నీళ్లు కలపాలో సీసా మీద రాస్తాయి, చదవకుండా పోస్తే ఫలితమే మారిపోతుంది. ఒక పశువుకూ ఇంకో పశువుకూ మధ్య తెడ్డును నీళ్లతో జాడిస్తే చాలు. పరీక్ష చేసిన పాలు పారబోయాలి, తిరిగి బిందెలో కలపకూడదు.

కిట్ దొరకని చోట బట్టల సబ్బు పొడితోనే చేయొచ్చు. 3 శాతం ద్రావణం, అంటే అర లీటరు నీళ్లలో 15 గ్రాములు కరిగించి, పాలతో సమానంగా కలిపి ఒక నిమిషం తిప్పి చూడటం. సన్నటి తేడాలు సీఎంటీ అంత బాగా దొరకవు గానీ ముద్ద కట్టే స్థాయి జబ్బు దాక్కోదు. పాలు క్షారానికి తిరిగాయో లేదో రంగుతో చూపే పీహెచ్ కాగితాలు మాత్రం మేం కొనమని చెప్పం. జబ్బు బాగా ముదిరాకే వాటిలో రంగు స్పష్టంగా తిరుగుతుంది. ఆ పాటి ముదిరాక పాలు నోట్లో వేసుకున్నా ఉప్పగా తగులుతాయి.

పరీక్షలో 1 గానీ 2 గానీ వచ్చింది, పాలు చూడటానికి బాగానే ఉన్నాయి. అప్పుడేం చేయాలి? యాంటీబయాటిక్ మిగలాలన్నా పోవాలన్నా ఇక్కడే తేలుతుంది. ట్యూబు ఎక్కించొద్దు. స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి క్రిమి పొదుగు కణాల లోపల దాక్కుంటుంది, పాలిచ్చే కాలంలో దానికి ట్యూబులు పోసినా నయమయ్యేది తక్కువ. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అని ల్యాబ్‌లో తేలితే అది వేరే మాట, మందుకు బాగా లొంగుతుంది. మిగతా సందర్భాల్లో ఆ పశువును అందరికన్నా చివర పిండాలి, ఆ చన్నును ఖాళీ అయ్యేదాకా తీయాలి, ముంచడం తప్పకూడదు, రెండు వారాలకు మళ్లీ పరీక్షించాలి. వరుసగా 3 వస్తున్న ముసలి పశువును మందలో ఉంచుకోవడం కన్నా ఆ చన్నును ఎండగట్టడమో, పశువును తీసేయడమో చవక. సీఎంటీకి మా మార్కులు 5కి 4. ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే ఏ క్రిమో చెప్పదు.

చన్నులు ముంచే కప్పు చూడటానికి బొమ్మ సామానులా ఉంటుంది, ఈ జాబితాలో 5కి 5 దీనికే. పిండిన తర్వాత చన్ను చివర రంధ్రం వెంటనే మూసుకోదు, అరగంట నుంచి గంట దాకా కొంత తెరిచే ఉంటుంది. ఆ గంటలో పశువు పేడలో పడుకుంటే క్రిమి నేరుగా పైకి ఎక్కుతుంది. పిండిన వెంటనే ముంచి, ముందు మేత వేసి నిలబెడితే సగం పోరు గెలిచినట్టే. తవుడు, దాణా పిండేటప్పుడు కాకుండా పిండాక పెట్టమనేది అందుకే.

కప్పుల్లో రెండు రకాలున్నాయి. మామూలు గ్లాసు లాంటిదైతే ముంచిన మందు తిరిగి అందులోనే కలుస్తుంది, నాలుగో పశువుకు వచ్చేసరికి అది మురికినీళ్లు. కింద మెత్తటి సీసా, పైన చిన్న గిన్నె ఉండి, నొక్కితే మందు పైకొచ్చి వెనక్కి పోని రకం తీసుకోండి. కొనేటప్పుడు నీళ్లు పోసి నొక్కి చూడండి. చవక రకాల్లో లోపలి గొట్టం వదులుగా ఉండి నెలలోపే ఊడుతుంది. ముర్రా గేదెల పెద్ద చన్నులు సన్నటి గిన్నెలో సగమే మునుగుతాయి, కాబట్టి వెడల్పు మూతి చూసుకోవాలి. చల్లే సీసాలు వద్దు, చన్నుకు ఒక వైపే పడి అవతలి వైపు పొడిగా ఉండిపోతుంది.

మందు రెడీమేడ్ దొరికితే 0.5 శాతం అయోడిన్, చర్మం పగలకుండా గ్లిజరిన్ ఉన్నది ఎంచుకోండి. ఇంట్లో కలుపుకునేవాళ్లకు లెక్క ఇది. మందుల షాపులో దొరికే 10 శాతం పొవిడోన్ అయోడిన్‌లో పనిచేసే అయోడిన్ 1 శాతమే. అది 500 మి.లీ., కాచి చల్లార్చిన నీళ్లు 400 మి.లీ., గ్లిజరిన్ 100 మి.లీ. కలిపితే సరిపోతుంది. గ్లిజరిన్ మంచిదే కదా అని ఎక్కువ పోస్తే మందు బలం తగ్గుతుంది. నురుగొచ్చే 'స్క్రబ్' సీసా తేవొద్దు, అది చేతులు కడుక్కునే రకం. కలిపిన మందు ముదురు గోధుమ రంగు పోయి లేత పసుపుకు వచ్చిందంటే అయోడిన్ అయిపోయింది, పారబోయండి. పాతకాలం పొటాషియం పర్మాంగనేట్ నీళ్లదీ ఇదే గతి, పేడ తగిలిన వెంటనే గులాబీ రంగు పోయి మట్టిరంగుకు తిరుగుతాయి. దాంతో ముంచామనుకోవడం ఉత్త తృప్తి.

దూడను వదిలి చేపించే ఇళ్లలో ఒక చిక్కుంది. పిండాక మిగిలిన పాలకు దూడను మళ్లీ వదులుతారు. దూడను కట్టేశాకే ముంచాలి, ముందు ముంచితే మందంతా దూడ నాకేస్తుంది. మరుసటి పూట చేపించే ముందు చన్నులు కడిగి పొడిగుడ్డతో తుడవాలి, పశువుకో గుడ్డ. నురుగు పాలతో చన్నులు తడిపి పిండే అలవాటు, బొటనవేలు లోపలికి మడిచి పిండే అలవాటు రెండూ మానకుండా ఎంత ఖరీదైన మందు కొన్నా డబ్బులు పోయినట్టే. మొదటిది క్రిమిని మోస్తుంది, రెండోది చన్ను లోపలి పొరను నలిపి దానికి చోటిస్తుంది.

ఇప్పుడు అందరూ అడిగే పూత. జాతీయ పాడి అభివృద్ధి మండలి, అంటే ఎన్‌డీడీబీ, పాల సంఘాల ద్వారా ప్రచారం చేస్తున్న సంప్రదాయ పశువైద్యంలో బాగా పేరొచ్చింది ఇదే. దీని వెనక తమిళనాడుకు చెందిన పశువైద్య ఆచార్యులు పుణ్యమూర్తి గారి కృషి ఉంది. ఒక రోజుకు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలం సున్నం 15 గ్రాములు. కలబంద మట్టల ముళ్ల అంచులు కోసేసి, ముక్కలు చేసి, మూడూ కలిపి రుబ్బాలి. పసుపు సున్నం కలిసి పారాణిలా ఎర్రబడితే కుదిరినట్టు. ఎర్రబడలేదంటే సున్నం చాలలేదు, లేదా పాతదై గాలికి చచ్చిపోయింది.

ముద్ద కుదరడం సులువు, పూయడం దగ్గరే అందరూ తప్పుతారు. ముందు చన్ను పూర్తిగా పిండి ఖాళీ చేయాలి, పొదుగు చన్నీళ్లతో కడగాలి. పిడికెడు ముద్దకు 150 నుంచి 200 మి.లీ. నీళ్లు కలిపి, పల్చగా జారేట్టు చేసి, పొదుగంతా పూయాలి. రోజుకు ఒకసారో రెండుసార్లో కాదు, 8 నుంచి 10 సార్లు, 5 రోజులు. ప్రతిసారీ మళ్లీ పిండి, కడిగి, పూయాలి. దీనితోపాటు పూటకు రెండు నిమ్మకాయలు కోసి, రోజుకు రెండు పూటలా, 3 రోజులు తినిపించాలి. పాలలో రక్తం కనిపిస్తే రెండు గుప్పెళ్ల కరివేపాకు బెల్లంతో నూరి రెండు పూటలా పెట్టమని అదనపు సూచన.

ముద్ద చిక్కగా పూసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేస్తే ఎండి పెళుసుబారి చర్మం లాగుతుంది, ఈగలు ముసురుతాయి, ప్రయోజనం సున్నా. గోడలకు వేసే గుల్ల సున్నం వేస్తే పొదుగు కాలుతుంది. సంచుల్లో అమ్మే పసుపు పొడిలో పిండి, రంగు కలిసి ఉండొచ్చు. నిజామాబాద్‌దో దుగ్గిరాలదో కొమ్ములు తెచ్చి ఆడించుకుంటే ఆ బెంగ ఉండదు. నిన్నటి ముద్ద ఇవాళ వాడొద్దు, కలబంద నల్లబడి పులుస్తుంది. పిండే ముందు పూత కడగకపోతే పాలు పచ్చబడి సేకరణ కేంద్రంలో వెనక్కి వస్తాయి.

ఇది నిజంగా పనిచేస్తుందా? చన్ను కాస్త గట్టిపడి, పాలలో పలుకులొచ్చి, పశువు మాత్రం మామూలుగా మేస్తున్న దశలో బాగానే పనిచేస్తుంది. కారణం పసుపు ఒక్కటే అని మేం అనుకోం. రోజుకు పదిసార్లు పొదుగు ఖాళీ చేయడమే సగం వైద్యం, క్రిములూ వాటి విషాలూ పాలతో బయటికి పోతాయి. చన్నీళ్లు, పసుపు వాపును లాగుతాయి. పైన పూసిన ముద్ద పొదుగు లోతుల్లోకి దిగి క్రిములను చంపుతుందని గట్టిగా చెప్పలేం. పాల సంఘాలు చెప్పే నయమైన లెక్కలు ఊళ్లలో రాసుకున్నవి, వాటి పక్కన ఏమీ చేయని పశువుల లెక్క ఉండదు. ఈ. కోలై అనే క్రిమి వల్ల వచ్చే తేలికపాటి వాపు చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది కూడా. అయినా ఆ తేలిక కేసులన్నిటికీ ట్యూబు తప్పితే అదే పెద్ద లాభం. 5కి 3.5, పూసే మనిషి ఇంట్లో ఉంటేనే. ఉద్యోగాలకు పోయి సాయంత్రం వచ్చేవాళ్లకు 1. ఎన్‌డీడీబీ చెప్పే చిట్కాల జాబితాలో చన్ను మూసుకుపోతే వేపాకు ఈనెకు పసుపు, వెన్న పూసి లోపలికి దూర్చే చిట్కా కూడా ఉంది. దాన్ని మేం సిఫార్సు చేయం. కొట్టంలో దొరికే ఏ పుల్లా చన్నులోకి వెళ్లేంత శుభ్రంగా ఉండదు.

పూతతో ఆగే గీత ఎక్కడో తెలియాలంటే జ్వరం చూసే డిజిటల్ కర్ర ఒకటి కొట్టంలో ఉండాలి. మనుషులకు వాడేదే చాలు, చివర దారం కట్టుకోండి. మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 103.5 దాటినా, మేత మానినా, పాల బదులు పసుపు నీళ్లు కారినా, చన్ను చల్లబడి నీలంగా మారినా, పశువు లేవలేకపోయినా పూత పక్కన పెట్టి డాక్టరు గారిని పిలవాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. విషం ఎక్కిన పొదుగువాపు ఒక్క రోజులో పశువును తీసుకుపోగలదు. అప్పుడు యాంటీబయాటిక్ వద్దని భీష్మించడం మూర్ఖత్వం. ఇంకో మాట, నొప్పి వాపు తగ్గించే మెలాక్సికామ్ లాంటి ఇంజెక్షన్ యాంటీబయాటిక్ కాదు. తేలిక కేసుల్లో కూడా అది ఒక్కటే ఇవ్వమని డాక్టరు గారిని అడగొచ్చు. అదే పనికి వాడే డైక్లోఫెనాక్ మాత్రం పశువులకు నిషేధం, ఆ మందు పడ్డ పశువు కళేబరం తిని రాబందులు చచ్చేది దానివల్లే.

దుకాణాల్లో మూలికల జెల్లు, స్ప్రేలు రకరకాలు ఉన్నాయి. చాలా డబ్బాల మీద ఏది ఎంత శాతమో ఉండదు, రోజుకు రెండుసార్లు చల్లితే చాలంటారు. పిండకుండా చల్లితే ఏదీ పనిచేయదు, పదిసార్లు పిండేవాళ్లకు ఇంటి ముద్దే సరిపోతుంది.

సీలెంటు ట్యూబు ఆలోచన మాత్రం గొప్పది. బిస్మత్ సబ్‌నైట్రేట్ ముద్దను వట్టిపోయే రోజు చన్ను చివర బిరడాలా నింపితే ఈనేదాకా క్రిమి ఎక్కదు, అందులో యాంటీబయాటిక్ ఏమీ ఉండదు. యూరప్‌లో జబ్బు లేని ఆవులకు ముందుజాగ్రత్త పేరుతో అలవాటుగా యాంటీబయాటిక్ ఎక్కించడం 2022 జనవరి 28 నుంచి చట్టరీత్యా కుదరదు, కాబట్టి అక్కడ దీని వాడకం పెరిగింది. ఇక్కడి ఇబ్బంది శుభ్రత. చన్ను చివరను స్పిరిట్ దూదితో తుడవకుండా ఎక్కిస్తే బయటి క్రిమిని లోపల పెట్టి తాళం వేసినట్టే, తర్వాత వచ్చే వాపు చంపేసేంత గట్టిది. సీఎంటీలో నాలుగు చన్నులూ బాగున్న పశువుకే, చేయి తిరిగిన డాక్టరు చేతనే వేయించాలి. నాలుగు పశువుల రైతు ఆ డబ్బుతో రెండు నెలల అయోడిన్ కొనుక్కోవచ్చు.

ఒకే చన్నుకు రెండోసారి వాపొస్తే పాల నమూనా ల్యాబ్‌కు పంపే సేవను వాడుకోండి. జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రాలు, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలు ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చూస్తాయి. చన్ను చివరను స్పిరిట్‌తో రుద్ది, మొదటి ధారలు వదిలేసి, వేలు తగలకుండా స్టెరైల్ సీసాలో 5 నుంచి 10 మి.లీ. పట్టాలి. ట్యూబు ఎక్కించాక తీసిన పాలు పంపితే క్రిమి పెరగక రిపోర్టు ఖాళీగా వస్తుంది. మొదటి మందు పడకముందే తీసి, ఐస్‌లో పెట్టి, అదే రోజు చేర్చండి.